మూగరాయి అన్న మాట

భావన ఉగ్గాని కోసం బొరుగులు నీళ్లలో వేసి, ఇంకో క్షణంలో పిండి తీయబోతుండగా కబురొచ్చింది.

"వచ్చేసింది! భావనా, వచ్చేసింది!" అంటూ ప్రవీణ్ మేడమెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా సబ్బునురగ. వంటింటి గడప దగ్గర ఆగి ఫోను గాల్లో ఊపాడు. "ఆరేండ్లు! ఆరేండ్లకు 'రాళ్లవాన' వాళ్ల కొత్త పాట వచ్చింది. దీపావళికి ఆల్బమంట!"

దేవుడి గదిలోంచి అత్త రత్నమ్మ గొంతు వినిపించింది. "రాళ్లవానా? యాడ పడిందంట్రా? పంట ఏమన్నా మిగిలిందా?"

"వాన కాదమ్మా, బ్యాండు."

"ఓ, ఆ గిటార్ల గుంపా! మిక్సీలో గులకరాళ్లు ఏసి తిప్పినట్ల ఉంటాది గదా, అదేనా?"

"అదేనమ్మా" అన్నాడు ప్రవీణ్, బిరుదు అందుకున్నంత సంతోషంగా.

భావన పకపకా నవ్వింది. ఆ నవ్వులో కల్తీ లేదు. ఆరేళ్లుగా ఎదురుచూసిన పాట, శ్రావణమాసపు ఆదివారం పొద్దున, సగం గడ్డం గీసుకున్న మొగుడి నోటి మీదుగా రావడం కంటే ఏం కావాలి? ఆషాఢమంతా పుట్టింట్లో గడిపి ఆమె నంద్యాలకు తిరిగొచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో ఆమెకు ప్రతిదీ ముచ్చటగానే ఉంది. ఒకే స్టీలు గ్లాసులో పక్కపక్కన నిలబడిన రెండు టూత్‌బ్రష్షులు ముచ్చటే. అతను తడి తువ్వాలు మంచం మీద పడేస్తే కసురుకోవడానికి తనకో హక్కు ఉండటం ఇంకా ముచ్చట. పెళ్లిచూపుల్లో "పాటలు వింటారా?" అని అతను అడిగినప్పుడు, ఎవరికీ తెలియని పేరు చెప్తున్నానేమో అన్న బెరుకుతో "రాళ్లవాన" అంది. అతను కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డాడు. సంబంధం వద్దని పోతున్నాడేమోనని పెద్దలంతా హడలిపోయారు.

నవ్వు ఆగాక చూసుకుంటే బొరుగులు నానిపోయి ముద్దయ్యాయి. ఆమె చేతులు వాటిని పిండటం మరిచిపోయాయి.

గడిచిన వారం మనం భావనను ఆళ్లగడ్డలో, వాళ్ల నాయన అనంతయ్య ఇనుప అంగట్లో వదిలి వచ్చాం. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, ఉలులు చేయించుకోవడానికి ఉక్కుకడ్డీలు కావాలని ఒక శిల్పి వచ్చాడు. అతన్ని చూడగానే ఆమె గుర్తుపట్టింది. అతను రాజరత్నం. ఒకప్పుడు 'రాళ్లవాన'లో డ్రమ్స్ వాయించినవాడు, ఆరేళ్ల కింద చెప్పాపెట్టకుండా మాయమైనవాడు. అతను కడ్డీలు ఏరుకుంటుండగా హమాలీ భుజం మీది ఇనుపచువ్వల కట్ట జారి బండల మీద పడింది. బజారు బజారంతా తిరిగి చూసింది. మూరెడు దూరంలో ఉన్న రాజరత్నం మాత్రం తల తిప్పలేదు. బొటనవేలితో కడ్డీని తడుముకుంటూ నిలబడ్డాడు.

"ఆయప్పకు చెవులు వినపడవు తల్లీ" అన్నాడు అనంతయ్య, అతను వెళ్లాక. "ఏడెనిమిదేండ్ల నుంచి కొంచెం కొంచెం పోతా వచ్చినాయంట. ఇప్పుడు బొత్తిగా లేవు."

ఈ సంగతి భావన ప్రవీణ్‌కు చెప్పలేదు. చెప్పాలంటే దాని వెనకున్న సంగతి కూడా చెప్పాలి. రాజరత్నాన్ని బ్యాండు నుంచి పంపేయండని ఆరేళ్ల కింద నంద్యాల అభిమానులు ఒక ఉత్తరం రాశారు. సంతకాలు ముప్పై రెండు. మాటలు మాత్రం ఒక్కరివే. అవి నంద్యాల హాస్టలు గదిలో బోర్లా పడుకుని, ఇరవయ్యేళ్ల భావన రాసిన మాటలు.

ప్రవీణ్ అప్పుడు తిరుపతిలో చదువుతున్నాడు. ఆ ఉత్తరం అతను చదవలేదు. అయినా ఆ రాసినవాళ్లను ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు. రాజరత్నం ఒక కచేరీలో జనంలోకి విసిరిన డ్రమ్స్ కర్రను పంచెగుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్న మనిషి అతను.

"ఏందీ, మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు ఇప్పుడు.

"ఉగ్గాని పాడయింది" అంది భావన.

"పోనీలే. ఈ పొద్దు మట్టి పెట్టినా తింటా."

*

నంద్యాల అభిమానులకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త పాటను ఎవరూ ఒంటరిగా వినకూడదు. అందరూ ఒకచోట చేరాలి, ఫోన్లన్నీ కుంచంలో వేయాలి, పాత స్పీకరులో ఒకేసారి వినాలి. ముందే విన్నట్టు తేలితే అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. కట్టుబాటు పెట్టింది వెంకటేష్. కుంచం వాళ్లమ్మది.

కట్టుబాటును కాపాడుకోవడం ఆ పొద్దు అంత తేలికేం కాలేదు. దారిలో శ్రీనివాస సెంటర్ దగ్గర ఎవరో కుర్రాళ్లు ఫోనులో అదే పాట పెట్టుకుని టీ తాగుతున్నారు. ప్రవీణ్ గభాలున మోటారుసైకిలు మీదే సుప్రభాతం ఎత్తుకున్నాడు. చెవులు మూసుకోమంటూ వెనక్కి అరిచాడు. భావన ఒక చేత్తో తన చెవి, ఇంకో చేత్తో అతని చెవి మూసింది. పక్కన ఆటోలోని పెద్దమ్మ వీళ్లను వింతగా చూసి, మెడలోని కొత్త పసుపుతాడును చూసి, అర్థమైనట్టు నవ్వుకుంది. ఆ నిమిషం ఎంత బాగుందో భావన తర్వాత చాలాసార్లు తలచుకుంది.

సంజీవనగర్‌లో వెంకటేష్ ట్యూషన్ హాలు మేడ మీద ఉంటుంది. ఆదివారాలు పిల్లలు ఉండరు. బెంచీల మీద అప్పటికే ఏడెనిమిది మంది చేరారు. వెంకటేష్ నలభైకి దగ్గరపడ్డ మనిషి. లెక్కలు చెప్తాడు, దేన్నయినా బోర్డు మీద రాస్తే తప్ప ఆలోచించలేడు. శిరివెళ్ల నుంచి బస్సులో వచ్చిన లోకేశ్ మూలన కూర్చుని అందరి మీదా జోకులేస్తున్నాడు. కిటికీ పక్కన సంధ్య ఉంది. ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, సూదంటే ఎవరికీ లేని ధైర్యం. ఒకప్పుడు భావనకు హాస్టల్లో గదినేస్తం. ఆ ఉత్తరం అభిమానుల దగ్గరికి మోసుకొచ్చింది సంధ్యే. ఎవరు రాశారో తెలిసింది కూడా ఆమె ఒక్కదానికే.

ఫోన్లు కుంచంలో గలగలా పడ్డాయి. వెంకటేష్ పాట పెట్టాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత 'ఠంగ్' అని ఒక దెబ్బ. కొంత నిశ్శబ్దం. మళ్లీ 'ఠంగ్'. దాని కిందుగా గిటారు నెమ్మదిగా, దుమ్ము లేచినట్టు లేచింది. డ్రమ్స్ ఎక్కడా లేవు. పాటంతా ఆ ఒక్క దెబ్బే, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. అందరికీ అలవాటైన ఆ బొంగురు గొంతు అందుకుంది:

తట్టి చూడు, తట్టి చూడు
పలకలేదని పారేసినావే
పలకనిదంతా పగులు కాదు
చెయ్యి పెట్టి చూడు

మొదటి 'ఠంగ్'కే భావన పోల్చుకుంది. ఆ చప్పుడు కింద ఆమె పుట్టింది, పెరిగింది, పరీక్షలకు చదువుకుంది. అది ఆళ్లగడ్డ నల్లరాయి మీద ఉలిదెబ్బ.

పాట అయిపోయింది. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

"అదేం చప్పుడప్పా? గుడిగంటా?" అన్నాడు లోకేశ్.

"గంట కాదు, కంప్యూటర్లో చేసింటారు" అన్నారు ఎవరో.

"నాకైతే మా అవ్వ రోట్లో పచ్చడి నూరినట్ల ఉంది" అంది సంధ్య.

"డ్రమ్స్ యాడన్నా?" ప్రవీణ్ స్పీకరు వైపు చెయ్యి చూపాడు. "ఆరేండ్లు ఆగి, డ్రమ్స్ లేకుండా పాట చేస్తారా? రాజరత్నం లేకపోతే ఇంకెవుర్నన్నా పెట్టుకోవాల గదా!"

"పెట్టుకోకపోవడమే మర్యాదప్పా" అన్నాడు వెంకటేష్. లేచి బోర్డు మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో రాశాడు. "పాట పేరు 'తట్టి చూడు'. ఆల్బం పేరు 'మూగరాయి'. చర్చ మొదలుపెట్టండి. మూగరాయి ఎవురు?"

"జనం" అన్నారు ఒకరు. "ఏం జరిగినా నోరు తెరవరు గదా."

"జనం లేదు, ఏం లేదు. మూగరాయి అంటే దేవుడు" అన్నాడు లోకేశ్. "మా చెల్లెలి పెండ్లికని ఏడు గుళ్లు తిరిగినా. ఒక్కడు పలకలేదు."

"మీ బావను చూసి దడుచుకున్నింటాడు లేప్పా" అంది సంధ్య. హాలు గొల్లుమంది.

ప్రవీణ్ నవ్వలేదు. "కాదన్నా. అది వాళ్ల గురించే. రాజరత్నం పోయినంక వాళ్లు మూగబోయినారు. ఒప్పుకుంటాండారు. ఆ పాటలో 'పారేసినావే' అనేది మనల్ని. మనం రాసిన ఉత్తరాన్ని."

వెంకటేష్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. బోర్డు మీది మాటను ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు.

"ఉండు ఉండు. ఈ మాట ఇంతకుముందు యాడనో చదివినా నేను."

గోడబీరువా తెరిచాడు. లెక్కల పరీక్ష పేపర్ల అడుగు నుంచి ఒక నీలం ఫైలు బయటికి లాగాడు. సంధ్య భావన వైపు చూసింది. భావన తన కాలి మెట్టెల వైపు చూసుకుంది.

"దొరికింది" అన్నాడు వెంకటేష్ నీరసంగా. "నకలు పెట్టుకున్నింటి."

ప్రవీణ్ చెయ్యి చాపాడు. "ఇట్లియ్యన్నా. ఇన్నేండ్లు వినడమే గానీ చదవలేదు."

అతను నిలబడి పైకి చదివాడు. మొదట అభినందనలు ఉన్నాయి, పాత పాటల పొగడ్తలు ఉన్నాయి. కాలేజీ గ్రౌండు కచేరీ దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు మారింది.

"'ఆ పొద్దు తాళం ప్రతిసారీ అరక్షణం వెనకబడింది. జనం ఈలలు వేసి వెక్కిరించారు. మాకు తల కొట్టేసినట్టయింది. ఆళ్లగడ్డ శిల్పి పని మొదలుపెట్టే ముందు రాయిని తట్టి చూస్తాడు. ఖంగున పలికితే అది దేవుడవుతుంది. పలకకపోతే అది మూగరాయి. దాన్ని దారి పక్కన పడేస్తారు, కుక్కలు కూడా పట్టించుకోవు. మీ డ్రమ్స్ మనిషి మూగరాయి. మొహమాటపడకండి, పడేయండి.'"

కింద వీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"కుక్కలు గూడా పట్టించుకోవంట" అన్నాడు ప్రవీణ్. "ఎంత చక్కగా రాసినారో చూడండన్నా. ఎంత మంచి తెలుగో!" కాగితం మడిచి భావన వైపు తిరిగాడు. ఆ చూపులో అనుమానం ఇసుమంత లేదు. తనవైపు మనిషి అన్న నమ్మకం ఒక్కటే ఉంది. "భావనా, మీ ఊర్లో నిజంగా అట్ల తట్టి చూస్తారా?"

ఆమె లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు.

"చూస్తారు" అంది. "సుత్తితో మెల్లగా. లోపల పగులుంటే శబ్దం మొద్దుగా వస్తాది. అట్లాంటి రాయితో విగ్రహం చేస్తే మధ్యలో విరుగుతాది. అందుకని పక్కన పెడతారు. కానీ..."

"కానీ?"

"కుక్కలు పట్టించుకోవనేది అబద్ధం. పక్కన పెట్టిన రాళ్లను పారేయరు. రోళ్లు చేస్తారు, గడపలు చేస్తారు. మా ఇంటి గడప అట్లాందే."

"చూసినారా?" అన్నాడు ప్రవీణ్ అందరి వైపు తిరిగి. "ఆ ఊరి పద్ధతి సగం తెలిసి రాసిన మనిషి ఎవురో. సంధ్యా, ఈ కాగితం తెచ్చింది నువ్వే గదా? ఎవురిచ్చినారు నీకు?"

"పాతది ఇప్పుడెందుకు తవ్వుతావప్పా? పదండి, టీ తాగొద్దాం" అంది సంధ్య.

"ఎవురిచ్చినారు?"

సంధ్య తలెత్తింది. "ఎవురూ ఇయ్యలేదు. నేనే రాసినా. చాలా?"

ప్రవీణ్ ఆమెను తేరిపార చూశాడు. నోరు మంచిదని పేరున్న మనిషి, అమ్మ ఎంత విసుక్కున్నా తిరిగి ఒక్క మాట అననివాడు, ఇప్పుడు అన్నాడు: "రక్తం తీసే ముందు నొప్పి పుడతాదా అని అడుగుతావు గదా నువ్వు అందర్నీ? ఆయప్పను అడిగినావా? చెయ్యెట్లాడింది సంధ్యా? నువ్వు మా ఇంటికొచ్చి నా చేతి అన్నం తిన్యావు. తెలిసింటే గడప తొక్కనిచ్చేవాణ్ని కాదు."

సంధ్య తల వంచుకుంది. ఆమె కంటి చివర నీటిచుక్క నిలిచింది గానీ జారలేదు. భావన పెళ్లిలో తలంబ్రాల పళ్లెం పట్టుకున్న చేతులు ఒళ్లో బిగుసుకుని ఉన్నాయి.

భావన ఊరుకుంటే సరిపోయేది. ఇంకో అరగంటలో టీ వచ్చేది, మాట మారిపోయేది. ఇంట్లో స్టీలు గ్లాసులో రెండు బ్రష్షులు ఎప్పటిలాగే పక్కపక్కన ఉండేవి. ఆ గ్లాసు కళ్ల ముందు మెదిలింది కూడా. దాన్ని పోగొట్టుకోవడం ఎంత భయమో ఆ క్షణంలో ఆమెకు తెలిసింది.

"అది కాదు" అంది భావన. "నేను రాసినా."

"ఏంది?"

"ఆ ఉత్తరం నేను రాసినా. సంధ్యతో పంపించినా. మా నాయనకు తెలిస్తే చదువు మాన్పిస్తాడని పేరు పెట్టలేదు."

ప్రవీణ్ నవ్వబోయాడు. భార్య ఏదో ఆట పట్టిస్తోందనుకున్నాడు పాపం. నవ్వు సగం వచ్చి ఆగిపోయింది.

"ఆయప్ప మా ఊరాయన" అంది భావన. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. "హాస్టల్లో అందరికీ చెప్పుకునేదాన్ని, మా ఆళ్లగడ్డాయన అని. ఆ పొద్దు గ్రౌండులో అందరూ ఈలలేస్తే నా పక్కన పిల్లలు నన్ను చూసి నవ్వినారు. నాకు రోషమొచ్చింది. ఆయప్ప మీద కాదు, నా పరువు మీద. రాత్రి గదికొచ్చి రాసినా. రాసినంక ఎంత బాగా రాసినానో అని రెండుసార్లు చదువుకున్న్యా."

వెంకటేష్ బెంచీ మీద కూలబడ్డాడు. "సంతకం నాదమ్మా మొదటిది. చదివినా కూడా. బాగుందే అని తల ఊపి పెట్టినా."

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దండి" అన్నాడు లోకేశ్, ఎవరికీ కష్టం కలగకూడదన్న ఆత్రంతో. "అప్పుడు వాయింపు బాగలేదు గదా? బాగలేంది బాగలేదన్న్యారు. అంత పెద్ద తప్పేముంది?"

"బాగలేదు" అంది భావన. "ఎందుకు బాగలేదో నాకు పోయిన నెల తెలిసింది. ఆయప్పకు చెవులు పోతాన్న్యాయి అప్పటికే. మనం ఈలలు వేస్తాంటే అవీ వినపడలేదేమో. అందుకే నవ్వుతా వాయిస్తా ఉన్న్యాడు. ఇప్పుడు ఉరుమొచ్చినా వినపడదు. మా నాయన అంగట్లో చూసినా. ఊర్లోనే రాళ్లు కొట్టుకుంటాండాడు. పాటలో చప్పుడు కంప్యూటరు కాదు, గుడిగంట కాదు. అది ఉలి."

వెంకటేష్ లేచి, ఎవరూ అడగకుండానే మళ్లీ పాట పెట్టాడు. 'ఠంగ్' అన్న ప్రతిసారీ ఇప్పుడు హాల్లో అందరికీ ఒక మనిషి కనబడ్డాడు. తనకు వినపడని రాయి మీద అరచెయ్యి పెట్టుకుని, దాని అదురు కోసం చూస్తున్న మనిషి. 'చెయ్యి పెట్టి చూడు' అన్న చోట లోకేశ్ కూడా తల దించుకున్నాడు.

ప్రవీణ్ మాత్రం పాట వినడం లేదు.

"పోయిన నెలా?" అన్నాడు.

"ఊఁ."

"ఆషాఢంలో?"

ఆమె తలూపింది.

"రోజూ మాట్లాడుకున్న్యాం గదా భావనా. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మీ ఇంటి పిల్లి ఈనింది చెప్పినావు. మీ అమ్మ ఊరగాయలో ఉప్పెక్కువేసింది చెప్పినావు. నేను ఆయప్ప యాడున్న్యాడో, బతికున్న్యాడో లేదో అని బాధపడతాంటే ఊఁ కొట్టినావు."

ఉత్తరం ఇరవయ్యేళ్ల పిల్ల పొగరు, దాన్ని ఆ పిల్ల మీదకు తోసేయొచ్చు. ఆ 'ఊఁ' మాత్రం నిన్నమొన్నటిది. దాన్ని తోసేయడానికి ఇంకెవరూ లేరు.

అతను సంధ్య దగ్గరికి వెళ్లి, "తప్పయిపోయింది సంధ్యా" అన్నాడు. కుంచంలోంచి రెండు ఫోన్లు తీసుకున్నాడు. ఆమె ఫోను ఆమె చేతికిచ్చాడు. వేళ్లు తగలకుండా ఇచ్చాడు.

*

వచ్చేటప్పుడు అతను మోటారుసైకిలు చాలా నిదానంగా నడిపాడు. స్పీడు బ్రేకర్ల దగ్గర కావాలని ఎగరేసి, ఆమె భుజం పట్టుకునేలా చేయడం అతనికి అలవాటు. ఇవాళ ప్రతి దాని దగ్గరా అద్దం మోస్తున్నట్టు దించాడు. భావన వెనకాల కడ్డీ పట్టుకుని కూర్చుంది. శ్రీనివాస సెంటర్‌లో ఆ పాట ఇంకా మోగుతూనే ఉంది. ఈసారి ఎవరూ ఎవరి చెవులూ మూయలేదు.

"ఎట్లుందిరా మీ మిక్సీ పాట?" అని రత్నమ్మ వాకిట్లోనే అడిగింది.

"బాగుందమ్మా."

"బాగుంటే మొగాలేంది అట్లున్నాయి ఇద్దరివీ? తాలింపేసిన ఉగ్గాని తినకుండా పోయినారని నేనే తిన్యా. ముద్దయినా కమ్మగానే ఉండాది అమ్మాయ్, ఉప్పు సరిపోయింది."

ఆ మాటకు భావనకు ఏడుపు ముంచుకొచ్చింది. పాడైందనుకున్నది ఎవరో తిని బాగుందంటే ఇంత ఏడుపు వస్తుందని ఆమెకు తెలియదు. పెరట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా గిన్నెలన్నీ తోమింది.

మూడు గంటలప్పుడు ప్రవీణ్ మేడ మీది నుంచి దిగి వచ్చాడు. పొద్దున గీయకుండా వదిలేసిన చెంప అట్లాగే ఉంది. ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వి చచ్చేది. చేతిలో పంచెగుడ్డ మూట ఉంది. దాన్ని వంటింటి గట్టు మీద విప్పాడు. కొస విరిగిన డ్రమ్స్ కర్ర. దాని పక్కన ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను పెట్టాడు.

"ఆయప్ప ఇల్లు తెలుసా నీకు?"

"ఇల్లు తెల్దు. పని చేసే షెడ్డు మా నాయనకు తెలుసు."

"ఊఁ." ఆ అక్షరం ఇద్దరికీ గుచ్చుకుంది. అతను గొంతు సవరించుకున్నాడు. "నేను తిట్టడానికి రాలేదు. తిట్టేది వస్తే పొద్దునే తిట్టిందును, సంధ్యను తిట్టినట్ల. నీ మీదికి మాట రావడంల్యా నాకు."

"వస్తే బాగుండు" అంది భావన.

అతను కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "ఆయప్పకు వినపడదు. నువ్వు పోయి కాళ్ల మీద పడి ఏడ్చినా, ఎందుకు ఏడుస్తాండావో తెల్దు. ఉత్తరంతో చేసినావు గదా, ఉత్తరంతోనే పోవాల. రాయడం నీకు బాగా వచ్చు."

ఆ చివరి మాటలో వెటకారం ఉందేమోనని ఆమె వెతికింది. లేదు. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది. పెన్ను తీసుకుంది. మంచి మంచి మాటలు వాటంతటవే మనసులోకి వచ్చాయి, వరసగా, ఆరేళ్ల కింద వచ్చినట్టే. ఒక్కటీ రాయబుద్ధి కాలేదు.

ప్రవీణ్ నడవలోకి వెళ్లి గట్టిగా అన్నాడు. "అమ్మా, రేపు మన అంగడి తెరవను. పొద్దున ఏడు గంటల బస్సుకు నేనూ భావనా ఆళ్లగడ్డకు పోతాండాం."

"పుట్టింటి నుంచి వచ్చి పన్నెండు దినాలే గదరా! అప్పుడే ఏమొచ్చింది? మంగళవారం గౌరీనోము ఉండాది, కొత్తకోడలు లేకుంటే ఎట్ల?"

"సాయంత్రానికి వస్తామమ్మా" అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, గడప అవతలే నిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు. "నువ్వు రాసింది నేను చదవను. ఆయప్పే చదవాల. ఆయప్ప ఏమంటాడో చూసి, తిరుగు బస్సులో మన సంగతి మాట్లాడుకుందాం."